ఆస్‌బెస్టాస్ క్యాన్సర్: పరిహారం కోసం కుటుంబం ఏం చేయాలి, ఏ క్రమంలో చేయాలి

రేకుల ఫ్యాక్టరీలో పాతికేళ్లు పనిచేసి రిటైరైన మనిషికి అరవై దాటాక ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతుంది. ముందు టీబీ అంటారు, ఆరు నెలలు మందులు మింగిస్తారు. తగ్గక బయాప్సీ చేస్తే మీసోథెలియోమా (ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) అని బయటపడుతుంది. అప్పటికి ఫ్యాక్టరీ చేతులు మారి ఉంటుంది, లేదా గేటుకు తాళం పడి ఉంటుంది. ఇలాంటి కేసుల్లో జబ్బును నిరూపించడం అంత కష్టం కాదు. ఫలానా చోట, ఫలానా ఏళ్లలో ఆస్‌బెస్టాస్ పీచు దుమ్ములో పనిచేశాడని చూపించడమే కష్టం. ఆ రుజువు రోగి నోటిలోనూ, పాత కాగితాల్లోనూ ఉంటుంది. రెండూ త్వరగా దూరమవుతాయి. అందుకే చట్టం గురించి చెప్పే ముందు రుజువుల గురించి చెబుతున్నాం.

ఎవరికి వర్తిస్తుంది

ఆస్‌బెస్టాస్ వల్ల నాలుగు క్యాన్సర్లు వస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది: మీసోథెలియోమా, ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్, అండాశయ క్యాన్సర్. తెల్ల ఆస్‌బెస్టాస్ అయిన క్రిసోటైల్ కూడా ఇందులోదే. మన చట్టం వృత్తి వ్యాధుల పట్టికలో పేరు పెట్టి చెప్పింది మాత్రం మొదటి రెంటినే.

సిమెంట్ రేకులు, పైపుల ఫ్యాక్టరీల్లో చేసినవాళ్లు, థర్మల్ కేంద్రాల్లో బాయిలర్లకూ ఆవిరి పైపులకూ వేడి పోకుండా లాగింగ్ చుట్టినవాళ్లు, ఓడల ఇంజిన్ రూముల్లోనూ షిప్‌యార్డుల్లోనూ చేసినవాళ్లు, బ్రేక్ లైనింగులు, గాస్కెట్లు తయారుచేసినవాళ్లు, కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల ఒకప్పటి ఆస్‌బెస్టాస్ గనుల్లో దిగినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. రేకులు కోసి కప్పులు వేసే మేస్త్రీలను చాలామంది మర్చిపోతారు.

మన దేశంలో క్రిసోటైల్ వాడకంపై నిషేధం లేదు. నిషేధించమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2011లో కొట్టేసింది కూడా. ‘నిషేధమే లేనప్పుడు కేసెక్కడిది’ అని యాజమాన్యం తరఫువాళ్లు చెప్పే మాట దీని ఆధారంగానే. ఆ మాట చెల్లదు. 1995 జనవరి 27న వినియోగదారుల విద్యా పరిశోధనా కేంద్రం కేసులో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలనీ ఆదేశించింది. ఈ రెండో ఆదేశం తర్వాత మీకు చాలా పనికొస్తుంది.

మొదటి మెట్టు: వైద్య కాగితాలు

బయాప్సీ రిపోర్టు లేకుండా ముందుకు వెళ్లొద్దు. నీరు తీసి పరీక్షించిన సైటాలజీ ఒక్కటే ఉంటే ఎదుటి లాయరు దానిమీదే గంటసేపు వాదిస్తాడు. మీసోథెలియోమాను అడినోకార్సినోమా అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ రకం నుంచి వేరుచేసేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, అంటే బయాప్సీ ముక్కలో ఏయే గుర్తు ప్రొటీన్లు ఉన్నాయో చూసే పరీక్ష. రిపోర్టులో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1, సీకే 5/6 వంటివి పాజిటివ్, టీటీఎఫ్-1, సీఈఏ వంటివి నెగటివ్ అని ఉందో లేదో చూసుకోండి. ఆ పరీక్ష చేయకపోతే చేయమని అడగండి. ఆస్పత్రి ల్యాబ్‌లో బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు ఉంటాయి. రాతపూర్వకంగా కోరి, సంతకం పెట్టి తీసుకోవచ్చు. రెండో అభిప్రాయానికి హైదరాబాద్‌లోని నిమ్స్‌కో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆస్పత్రికో వాటిని పంపొచ్చు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే సీటీ స్కాన్ సీడీని, రిపోర్టునూ రెంటినీ దాచండి. ప్లూరల్ ప్లాకులు (ఊపిరితిత్తి పొర మీద గట్టిపడిన మచ్చలు), ఆస్‌బెస్టోసిస్ మచ్చలు (పీచు వల్ల ఊపిరితిత్తి లోపల పడేవి) కనిపిస్తే అవి పీచు పీల్చాడనడానికి శరీరమే ఇచ్చే సాక్ష్యం. రేడియాలజిస్టు ఒక్కోసారి వాటిని చూసీ రాయడు, క్యాన్సర్ గడ్డమీదే దృష్టి ఉంటుంది కనుక. ఆస్‌బెస్టాస్‌లో పనిచేశాడని చెప్పి మళ్లీ చదివించండి.

డాక్టరు రాసే కేస్ షీట్‌లో ‘వృత్తి’ గడి ఖాళీగా ఉండకూడదు. ‘రిటైర్డ్’ అని రాస్తే ఖాళీ ఉన్నట్టే లెక్క. ‘1985 నుంచి 2009 వరకు ఆస్‌బెస్టాస్ సిమెంట్ ఫ్యాక్టరీ, మిక్సింగ్ సెక్షన్’ అని రాయించండి. పొగ తాగే అలవాటు ఉంటే దాచొద్దు. మీసోథెలియోమాకు పొగాకుతో సంబంధం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పొగ, పీచు రెండూ కలిస్తే ప్రమాదం మరీ పెరుగుతుంది. అంటే బీడీ తాగినంత మాత్రాన పీచు బాధ్యత పోదు. దాచిన సంగతి తర్వాత బయటపడితే మాత్రం మిగతా సాక్ష్యం మీదా నమ్మకం పోతుంది.

మరణం సంభవిస్తే, మరణ కారణ ధ్రువపత్రంలో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని మాత్రమే రాసి ఊరుకుంటారు. అది చనిపోయిన తీరే కానీ కారణం కాదు. మూల కారణం గడిలో మీసోథెలియోమా లేదా ఊపిరితిత్తుల క్యాన్సర్ అని స్పష్టంగా రాయమని ఆస్పత్రి నుంచి బయటికి రాకముందే డ్యూటీ డాక్టరును అడగండి. ఒకసారి రిజిస్టర్‌లోకి ఎక్కాక మార్పించడం నెలల తరబడి తిరుగుడు.

రెండో మెట్టు: రోగి చెప్పేది రాయించడం

దీన్ని వారంలోపు చేయాలి. మీసోథెలియోమా తేలాక చాలామందికి మిగిలేది నెలలే, అందులో మాట్లాడగలిగే ఓపిక ఉండేది ఇంకా తక్కువ.

‘ఫ్యాక్టరీలో దుమ్ములో పనిచేశాను’ అని రాయిస్తే ఏమీ రాయించనట్టే. ప్రతి కాలానికీ విడిగా రాయించాలి: ఏ సెక్షన్, పక్కన ఎవరు పనిచేసేవారు, సూపర్‌వైజరు పేరు, సంచుల మీద ఏ దేశం, ఏ కంపెనీ ముద్ర ఉండేది, సంచిని కత్తితో కోసి చేత్తో గుమ్మరించేవారా, యంత్రం ఉండేదా, ఖాళీ సంచులను ఎవరు దులిపేవారు, మాస్క్ ఇచ్చారా, ఇస్తే గుడ్డదా ఫిల్టరుదా, పని బట్టలు ఎక్కడ ఉతికేవారు. చివరి ప్రశ్న భార్య కోసం కూడా. ఆ బట్టలు ఇంట్లో ఉతికి ఉంటే ఆమెకూ ఛాతీ పరీక్ష చేయించాలి.

ఈ వాంగ్మూలాన్ని నోటరీ ముందు అఫిడవిట్‌గా చేయించి, అదే విషయం వీడియో కూడా తీయండి. దీని బలహీనత ముందే తెలుసుకోవాలి. ఎదుటిపక్షం ప్రశ్నించే అవకాశం లేని అఫిడవిట్‌కు బరువు తక్కువ. కాబట్టి రోగి బతికుండగానే క్లెయిమ్ దాఖలు చేసి, కదలలేని స్థితిలో ఉన్నారు కనుక ఇంట్లోనో ఆస్పత్రిలోనో సాక్ష్యం నమోదు చేయించమని పిటిషన్ వేయడం మంచి పద్ధతి. అలా క్రాస్ ఎగ్జామినేషన్ అయిన సాక్ష్యాన్ని తర్వాత ఎవరూ తేలిగ్గా తోసేయలేరు.

మూడో మెట్టు: పని రుజువులు

ఇంట్లో బీరువా వెతికితే దొరికేవి: నియామక పత్రం, గేట్ పాస్, పే స్లిప్పులు, బోనస్ స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ స్లిప్పులు, గ్రాట్యుటీ లెక్క, యూనియన్ చందా రసీదులు. బయట నుంచి తెప్పించాల్సినవి మూడు.

పీఎఫ్ ఆఫీసు నుంచి సర్వీస్ చరిత్ర. యూఏఎన్ (ఇప్పటి పీఎఫ్ గుర్తింపు నంబరు) లేని పాత ఖాతా అయినా ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్, ఖాతా నంబరుతో దొరుకుతుంది. కంపెనీ పేరు మారినా పీఎఫ్ కోడ్ పాత దారిని పట్టిస్తుంది.

ఫ్యాక్టరీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ. 1995 తీర్పునూ, అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 41సి సెక్షన్‌నూ ఉదహరించి, ఏటేటా చేసిన ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్షల నకళ్లు అడగండి. ఇవ్వకపోయినా ఆ లేఖ, దాని అకనాలెడ్జ్‌మెంట్ మీకు ఆయుధాలే. ఉంచాల్సిన రికార్డును ఉంచలేదనే ప్రశ్న వాళ్లమీదికి తిరుగుతుంది.

ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తనిఖీ నివేదికలు, గాలిలో పీచు కొలతల రిపోర్టులు, అదే ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ కింద వచ్చిన వృత్తి వ్యాధుల నోటీసులు సంవత్సరాలవారీగా అడగండి. ‘అన్ని రికార్డులూ ఇవ్వండి’ అంటే తిరస్కరిస్తారు. గని కార్మికుడైతే ఫ్యాక్టరీల శాఖకు కాదు, గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌కు పెట్టాలి.

తోటి కార్మికులు ఇద్దరి చేత అఫిడవిట్లు చేయించండి. వాళ్ల సొంత పీఎఫ్ కాగితం జతచేస్తే అదే ఫ్యాక్టరీలో, అదే కాలంలో ఉన్నారని తేలుతుంది.

నాలుగో మెట్టు: ఏ తలుపు తట్టాలి

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. ముందు ఒకే ప్రశ్న: ఆ ఉద్యోగానికి ఈఎస్‌ఐ ఉందా? ఉంటే యజమాని మీద పరిహారం కేసు వేయడానికి వీల్లేదు. ఈఎస్‌ఐ చట్టం 53వ సెక్షన్ ఆ దారి మూసేసింది. ఏళ్ల తరబడి లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాక ఈ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేస్తే, అప్పటికి ఈఎస్‌ఐ గడువూ దాటిపోయి ఉంటుంది. ఈఎస్‌ఐ లేకపోతే ఉద్యోగుల పరిహార చట్టం కింద కమిషనర్ దగ్గరికి వెళ్లాలి, లేదా సివిల్ కోర్టుకు. ఆ రెండూ కలిపి చేయలేరు. ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుంది.

ఒక మార్పు గమనించండి. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి ఈ రెండు చట్టాల స్థానం తీసుకుంది. ఈఎస్‌ఐ నాలుగో అధ్యాయంలో, పరిహారం ఏడో అధ్యాయంలో, వృత్తి వ్యాధులు మూడో షెడ్యూలులో ఉన్నాయి. కమిషనర్‌ను కొత్త కోడ్ ‘కాంపిటెంట్ అథారిటీ’ అంటుంది. మరణమో అశక్తతో ఆ తేదీకి ముందు జరిగి ఉంటే పాత చట్టం సెక్షన్లతోనే దరఖాస్తు రాయించండి. ఇక్కడ ఇస్తున్న సెక్షన్లు, లెక్కలు పాత చట్టాలవి.

ఈఎస్‌ఐ దారి

‘రిటైరయ్యాడు కదా, ఇక ఈఎస్‌ఐ ఏముంది’ అని స్థానిక కార్యాలయంలో చెప్పి పంపేయడం మామూలే. చట్టంలో ఇన్సూర్డ్ పర్సన్ అంటే ఇప్పుడు ఉద్యోగిగా ఉన్నవాడే కాదు, ఒకప్పుడు ఉద్యోగిగా ఉండి చందా కట్టినవాడు కూడా. దరఖాస్తు తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

జబ్బు వృత్తి వల్ల వచ్చిందో లేదో తేల్చేది ప్రత్యేక మెడికల్ బోర్డు. బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు బయాప్సీ, సీటీ సీడీ, పని చరిత్ర ఒకే ఫైలులో పేజీ నంబర్లతో ఇవ్వండి. బోర్డులో వాళ్లకు మీ ఫైలుకు దొరికేది కొద్ది నిమిషాలే.

మరణం తర్వాత డిపెండెంట్స్ బెనిఫిట్ నెలనెలా వస్తుంది. పూర్తి రేటు సగటు రోజు వేతనంలో 90 శాతం. భార్యకు జీవితాంతం లేదా మళ్లీ పెళ్లి చేసుకునే వరకు 3/5 వంతు, కొడుకుకు 25 ఏళ్లు వచ్చేవరకు 2/5, కూతురికి పెళ్లయ్యే వరకు 2/5. ఇవన్నీ కలిపి పూర్తి రేటు దాటకూడదు. సగటు రోజు వేతనం 600 రూపాయలు అనుకుందాం. పూర్తి రేటు 540. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే వాటాలు 3:2:2 నిష్పత్తికి తగ్గుతాయి. ఆమెకు రోజుకు దాదాపు 231, పిల్లలకు చెరి 154 రూపాయలు. క్లెయిమ్‌ను 12 నెలల్లోపు పెట్టాలి. తిరస్కరిస్తే ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుకు మూడేళ్లలోపు వెళ్లాలి. ఫ్యాక్టరీకి ఈఎస్‌ఐ వర్తిస్తున్నా ఈయన పేరున యజమాని చందా కట్టకుండా ఎగ్గొట్టి ఉంటే, 68వ సెక్షన్ కింద ఈఎస్‌ఐ కార్పొరేషన్ మీకు చెల్లించి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో రాయండి.

కమిషనర్ దారి

మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ బాధ్యత కార్మిక శాఖ అధికారులది. ఫ్యాక్టరీ ఉన్న చోటే కాదు, మీరు నివసించే ప్రాంతంలోనూ వేయొచ్చు. ప్రతివాదుల్లో యజమాని, బీమా కంపెనీ, కాంట్రాక్టు కార్మికుడైతే ప్రధాన యజమాని కూడా ఉండాలి. ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్ కాంట్రాక్టరు చాటున దాక్కోనివ్వదు.

మొత్తం లెక్క ఇలా. మరణానికి నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత పూర్తి అశక్తతకు 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. 50 ఏళ్లకు 153.09, 55కు 135.56, 60కి 117.41, 65 ఆపైన 99.37. 2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకునే వేతనం గరిష్ఠంగా 15,000. జీతం 22,000 అయినా 55 ఏళ్ల మనిషి మరణానికి 7,500 × 135.56 = 10,16,700 రూపాయలు. అశక్తతకు 9,000 × 135.56 = 12,20,040. దీనికి తోడు వైద్యానికి నిజంగా ఖర్చయినది అదే చట్టం 4(2ఏ) సెక్షన్ కింద వస్తుంది. అందుకే మందుల బిల్లు ఒక్కటీ పారేయొద్దు. నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే 50 శాతం వరకు జరిమానా అడగాలి. అడగని చోట వడ్డీ మర్చిపోతారు.

ఇక అసలు చిక్కు గడువు. క్లెయిమ్‌కు రెండేళ్లు. రోగ విషయంలో ఆ గడియారం జబ్బువల్ల పనికి వరుసగా గైర్హాజరైన మొదటి రోజు నుంచి మొదలవుతుంది. టీబీ అనుకుని సెలవు పెట్టిన తేదీని ఎదుటిపక్షం పట్టుకుంటుంది. మరణంపై క్లెయిమ్‌కు మరణించిన తేదీ నుంచి రెండేళ్లు. ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమించమని 10వ సెక్షన్ కింద విడిగా పిటిషన్ వేయాలి. తప్పుగా టీబీకి వాడిన మందుల చీటీలు అప్పుడు పనికొస్తాయి.

రిటైరైన వాళ్లకు ఎదురయ్యే ప్రశ్న వేరు. మీసోథెలియోమా మొదటిసారి పీచు తగిలిన 20 నుంచి 50 ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు. చట్టం ఆలోచించింది మాత్రం ఉద్యోగంలో ఉన్నవాడి గురించి. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథెలియోమా మూడో షెడ్యూలు ‘బి’ భాగంలో ఉన్నాయి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు వరుసగా చేసి ఉంటే, ఉద్యోగంలో ఉండగా వచ్చిన జబ్బు పనివల్లే అని చట్టం అనుకుంటుంది. ఉద్యోగం మానేశాక వస్తే ఆ సౌకర్యం లేదు. 3(2) సెక్షన్ రెండో ప్రొవైజో (సెక్షన్‌కు జతచేసిన షరతు) కింద జబ్బు పనినుంచే పుట్టిందని మీరు నిరూపించాలి. ఈ ప్రొవైజో పేరే ఎత్తకుండా వేసే పిటిషన్లు ఎన్నో ఉంటాయి, అలాంటివి మొదటి వాయిదాలోనే బలహీనపడతాయి. మీసోథెలియోమాకు కొద్దిపాటి పీచే చాలనీ, మొదటి స్పర్శకు పదేళ్ల తర్వాత వస్తే దాన్ని ఆస్‌బెస్టాస్‌కు ఆపాదించవచ్చనీ అంతర్జాతీయంగా వాడే హెల్సింకి ప్రమాణాలు చెబుతాయి. ఛాతీ వైద్యుడి చేత వీటిని ఉదహరిస్తూ అభిప్రాయం రాయించి, ఆయన్ను సాక్షిగా పిలిపించండి.

చనిపోయిన పది పదిహేను రోజుల్లో కంపెనీ మనిషి డబ్బు పట్టుకుని ఇంటికి వచ్చి స్టాంపు పేపరు మీద సంతకం అడగొచ్చు. మరణ పరిహారం కమిషనర్ దగ్గర జమచేయాలే గానీ చేతికి ఇచ్చింది పరిహారం చెల్లింపు కిందికి రాదు. మూడు నెలల జీతం వరకు ఇచ్చిన అడ్వాన్సు మాత్రమే సర్దుబాటు అవుతుంది. హక్కులు వదులుకున్నట్టు రాసిన ఒప్పందం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అయినా సంతకం పెట్టకపోవడమే నయం, వాదించాల్సిన విషయం ఒకటి తగ్గుతుంది.

డిపెండెంట్లు ఎవరో కూడా చూసుకోవాలి. భార్య, మైనర్ కొడుకు, పెళ్లికాని కూతురు, వితంతువైన తల్లి నేరుగా వస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కొడుకు రాడు. మీసేవలో దరఖాస్తు చేసి తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో అందరి పేర్లూ ఉంటాయి కానీ, పిటిషన్‌లో డబ్బు కోరాల్సింది చట్టం చెప్పినవాళ్ల పేరుమీదే.

ఉద్యోగి కాని వాళ్లు

బట్టలు ఉతికిన భార్య, ఫ్యాక్టరీ వ్యర్థాల గుట్ట పక్కన పెరిగిన పిల్లలు పై రెండు దారుల్లోకీ రారు. కాలుష్యం వల్ల జరిగిన హానికి జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచికి ఐదేళ్లలోపు వెళ్లొచ్చు. అక్కడ కార్మికుడి మరణానికి పరిహారం అడగడానికి మాత్రం ఆ ట్రైబ్యునల్ చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదు. మిగిలింది నిర్లక్ష్యం మీద సివిల్ దావా. మరణంపై వేసే దావాకు రెండేళ్ల గడువు, కోర్టు ఫీజు ఉంటుంది. కాలమూ ఎక్కువే పడుతుంది. నిజం చెప్పాలంటే ఇంట్లో పీచు తగిలిన కేసులకు మన చట్టంలో సరైన గూడు లేదు.

విదేశాల్లో పనిచేసి ఉంటే

పీచు తగిలిన దేశాన్ని బట్టే దారి. బ్రిటన్‌లో యజమాని నిర్లక్ష్యంవల్ల తగిలి, ఆ యజమాని గానీ బీమా సంస్థ గానీ దొరకకపోతే, 2012 జులై 25న గానీ ఆ తర్వాత గానీ మీసోథెలియోమా తేలినవాళ్లకు 2014 చట్టం కింద చెల్లింపు పథకం ఉంది. జబ్బు తేలిన మూడేళ్లలో దరఖాస్తు చేయాలి. అమెరికాలో దివాలా తీసిన ఆస్‌బెస్టాస్ కంపెనీల పేరున పరిహారం చెల్లించే ట్రస్టులు ఉన్నాయి. ఏ ఉత్పత్తి, ఏ చోట, ఏ ఏళ్లలో అన్నది చూపాలి. దావా గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. న్యూయార్క్‌లో మూడేళ్లు ఉంటే, కాలిఫోర్నియాలో ఒక్క ఏడాదే.

ఖర్చు, లాయరు, ఆ తర్వాత

మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కమిషనర్ ముందు యూనియన్ నాయకుడు కూడా మీ తరఫున హాజరు కావచ్చు. ‘వచ్చిన దాంట్లో ముప్పై శాతం’ అని రాయించుకునే లాయరు బార్ కౌన్సిల్ నియమాన్ని మీరుతున్నట్టే. పరిహారాన్ని అప్పులవాళ్లు జప్తు చేసుకోవడానికి కూడా పరిహార చట్టం 9వ సెక్షన్ ఒప్పుకోదు.

ఉత్తర్వు మీకు అనుకూలంగా వస్తే యజమాని 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు. కానీ మొత్తం సొమ్ము కమిషనర్ దగ్గర జమచేసిన ధ్రువపత్రం లేకుండా ఆ అప్పీలును తీసుకోరు. జమ అయిందని తెలిసిన రోజే, హైకోర్టు ఆపమని చెప్పకముందే, మీ వాటా విడుదల చేయమని పిటిషన్ పెట్టండి. మైనర్ల వాటాను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే, దాని వడ్డీ చదువు ఖర్చులకు నెలనెలా తల్లి ఖాతాలో పడేలా అదే పిటిషన్‌లో కోరండి.